పట్టీ మీద వంపు

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఒకటే వెతుకులాట. అక్కకు సరిపోయే తుపాకీ కావాలి. ఇంత వెతికితే ఈపాటికి మంచి మొగుడే దొరికేవాడని నేనంటే, "మొగుడైతే కాస్త సర్దుకుపోతాడే, తుపాకీ సర్దుకోదు" అంది అక్క. అప్పటికి దానికి ముప్పై, నాకు ఇరవై ఆరు. పెళ్లి మీద ఇద్దరికీ పెద్ద ధ్యాస లేదు.

మాది తుపాకులకు కర్ర అమర్చే కొట్టు. వేటగాళ్లెవరూ మా గడప తొక్కరు. వచ్చేవాళ్లందరూ ఊరి చివర మైదానంలో మట్టి బిళ్లల్ని పేల్చేవాళ్లే. గోతిలోని మిషను అరచేతంత బిళ్లను రివ్వున గాల్లోకి విసురుతుంది. అది నేల మీద పడేలోగా ముక్కలు చెయ్యాలి. ఇరవై అయిదు బిళ్లలు ఒక ఆట. దానికి వాడేది డబుల్ బ్యారెల్ తుపాకీ. మొదటి గుండు తప్పితే రెండోదానికి అవకాశం ఉంటుంది. అక్క ఆ రెండో గుండును వాడడం నేను చూసింది తక్కువ.

ఇనుము అందరికీ ఒకటేననీ, కర్ర మాత్రం ఎవరిది వాళ్లదేననీ నాన్న అంటుండేవాడు. మనిషి చెయ్యి పొడవు, మెడ వంపు, చెంప ఎముక ఎత్తు చూసి, భుజానికి ఆనే కర్రను చెక్కి ఇచ్చేవాడు. ఎవరైనా వచ్చి ఈ మధ్య గురి కుదరడం లేదని వాపోతే, "ముందు తుపాకీని అడుగుదాం. అది చెప్పకపోతే అప్పుడు మిమ్మల్ని అడుగుదాం" అనేవాడు. కర్ర మీద చిత్రిక పట్టి గోరంత తీసేవాడు. వారం తిరక్కుండా ఆ మనిషి నవ్వుకుంటూ వచ్చేవాడు. ముప్పై ఏళ్లుగా నాన్న మాటే నెగ్గుతూ రావడంతో, మనిషిని అడిగే అవసరం మా కొట్టులో ఎప్పుడూ రాలేదు.

నేను నాన్న దగ్గరే పని చేసేదాన్ని. ఆయన చెక్కిన కర్రకు గరుకు కాగితం పట్టి, నూనె రుద్ది, మెరుగు పెట్టడం నా వంతు. అక్క బడిలో లెక్కలు చెప్పేది. సెలవుల్లో ఉదయం ఎండ ముదరకముందే మైదానానికి వెళ్లేవాళ్లం. అది కాల్చేది, నేను మిషను బటన్ నొక్కేదాన్ని. నీకు కాల్చాలని ఉండదా అని జనం అడిగేవాళ్లు. ఎందుకుండదు? కానీ ఒక ఇంట్లో ఒకతె అలా కాలుస్తుంటే రెండోది బటన్ నొక్కడమే మర్యాద. అసూయ పడ్డానా అంటే పడ్డాను, అక్కను చూసి గర్వపడ్డాను కూడా. ఆ రెండూ ఒకే ఒరలో హాయిగా ఇమిడాయి.

ఆ ఏడు మా క్లబ్బు జట్టులో ఆడవాళ్లకు ఒకే ఒక్క చోటు ఖాళీ అయింది. దానికోసం వానలకు ముందు ఆఖరి పోటీ. పోటీ అంతా నిజానికి ఇద్దరి మధ్యే, అక్కకూ, మేం మందులషాపావిడ అని పిలిచే ఒకావిడకూ. అక్క అప్పటిదాకా క్లబ్బు తుపాకీతోనే నెట్టుకొచ్చింది. ఎవరో ఆరడుగుల మనిషి కోసం చేసిన కర్ర అది. దానికి తగ్గట్టు అక్కే మెడ సాచి, భుజం ఎత్తి, తన ఒంటిని వంచుకునేది. "అద్దె చెప్పులతో పరుగుపందెం ఎన్నాళ్లమ్మా?" అన్నాడు కోచ్ ఒకరోజు. నాన్నకు ఆ మాట తగిలింది. ఊరందరికీ కర్రలు చెక్కే మనిషి కూతురు అద్దె చెప్పులతో తిరగడమేమిటని, ఆ సాయంత్రమే అల్మరా తాళాలు తీశాడు.

తుపాకీ ఎంచుకోవడానికి నాన్నకు ఒక వరస ఉండేది. ముందు గొట్టాలను కీలు దగ్గర కిందికి విరిచి, లోపల తూటా లేదని చూడాలి. గదిలో ఎంతమంది ఉంటే అంతమందీ వంగి చూసి పైకి "ఖాళీ" అనాలి. మేం ముగ్గురమే కాబట్టి మూడు ఖాళీలు. తర్వాత మోచెయ్యి మడిచి, కర్ర చివర మోచేతి మడతలో పెట్టుకుంటే వేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి రావాలి. ఆ తర్వాత బరువు చూసుకోవాలి. తేలికది మొదటి ఆటలో ముద్దొస్తుంది కానీ నాలుగో ఆటకు భుజం వాచగొడుతుంది. బరువుది గాల్లో సాఫీగా తిరుగుతుంది, మోసే బలం మాత్రం మనకుండాలి. ఇవన్నీ అయ్యాక అసలు పరీక్ష. కళ్లు మూసుకుని తుపాకీ ఎత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవాలి. గొట్టాల మీద పొడవునా సన్నటి ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది. అది కంటికి తిన్నగా, ఈ కొస నుంచి ఆ కొసకు బాటలా కనిపిస్తే ఆ తుపాకీ నీదే. కనిపించడానికి తల వెంట్రుకవాసి కదిపినా అది నీది కాదు.

మర్నాడు ఉదయం చూసిన మొదటి తుపాకీ కొత్తది, ఒక గొట్టం మీద ఇంకో గొట్టం ఉండే రకం. పొడవు సరిపోయింది, బరువు సరిపోయింది. అక్క కళ్లు మూసుకుని ఎత్తింది, తెరిచింది. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూడడం దాని అలవాటు. రెండు కళ్లూ తెరిచే కాల్చమని కోచ్ ఎంత మొత్తుకున్నా మానేది కాదు. చాలాసేపు అలాగే నిలబడింది.

"పట్టీ నడుమ కొంచెం వంగినట్టుంది నాన్నా."

నాన్న తీసుకుని చూశాడు. నేనూ చూశాను. పట్టీ వెంట దారం లాగి చూశాడు, ఉక్కు స్కేలు ఆనించి వెలుగుకు ఎదురుగా పెట్టి చూశాడు. సందు కనపడలేదు. ఇంకొకరైతే కూతురిదే పొరపాటనుకునేవారు. మా నాన్న మాత్రం మురిసిపోయాడు. నా స్కేలుకు అందనిది నా కూతురి కంటికి అందిందని, ఆ వారం కొట్టుకు వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. ఆ మధ్యాహ్నమే తుపాకీ చేసిన కంపెనీకి ఉత్తరం రాశాడు. మీ పట్టీలో లోపముంది, మా అమ్మాయి పట్టుకుంది, పరీక్షించండి అని. తారీఖు వేసి, నకలు తీసి దాచుకున్నాడు. తుపాకీని వెనక్కి పంపించేశాడు.

రెండోది పాతది. కాల్చడం మానేసిన ఒక పెద్దాయన మోజుపడి దాచుకున్నది, గొట్టాలు పక్కపక్కన ఉండే రకం. ఎత్తగానే అక్క మొహం వెలిగింది. దాని కర్ర అంత హాయిగా ఉందట. కళ్లు తెరిచాక ఆ వెలుగు తగ్గింది. ఇందులోనూ నడుమ ఏదో అలలా ఉందంది. పాతది కదా, ఎక్కడో దెబ్బ తిని ఉంటుందని నాన్న తేల్చేశాడు.

మూడోది నాన్న తన కోసం ఎప్పుడో కొని, చేతివేళ్లు వణకడం మొదలయ్యాక పక్కన పెట్టేసింది. పట్టీ వెడల్పుగా ఉంటుంది, గొట్టాలు ఒకదాని మీద ఒకటి. ఆ తుపాకీ గురించి మేం చిన్నప్పుడు గుసగుసగా మాట్లాడుకునేవాళ్లం. దాన్ని అక్క చేతిలో పెట్టినప్పుడు నాన్న గొంతు సవరించుకోవడం నాకు గుర్తు. అక్క ఈసారి చాలా జాగ్రత్తగా చూసి, కాసేపటికి అంది, "బానే ఉంది. కొంచెమే వంపు."

ఇక అనుమానం పట్టీ మీంచి కర్ర మీదికి వచ్చింది. చెంప ఆనే చోటు ఎత్తైతే కన్ను పక్కనుంచి చూస్తుందని, అందుకే తిన్నగా ఉన్నది వంకరగా కనిపిస్తుందని నాన్న వాదం. వినడానికి సబబుగానే ఉంది. రోజూ కొంత చిత్రిక పట్టడం, నేను గరుకు కాగితం రుద్దడం, మర్నాడు మైదానంలో పరీక్ష. ఇరవై మూడుకు తగ్గని అక్క పందొమ్మిదికి వచ్చింది. ఇంకాస్త చెక్కాక పదిహేడుకు దిగింది. కుడివైపు పోయే బిళ్లలు మరీ తప్పిపోయేవి. ఆడలేక మద్దెల ఓడు అని మందులషాపావిడ ఎవరితోనో అన్నదని మా చెవిన పడింది. నాన్న అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. మద్దెల నిజంగా ఓటిదైతే ఎవరేం చేస్తారని రెండు రోజులు గొణుగుతూనే ఉన్నాడు. అక్క మాత్రం ఇంటికొచ్చి తుపాకీని తుడిచేది. తుడిచినదాన్నే మళ్లీ తుడిచేది.

దానికి ఆ చోటు ఎంత కావాలో నాకు తెలుసు. అమ్మ పోయినప్పటి నుంచి, అంటే పదహారో ఏట నుంచి, ఇంటిని నడిపింది అది. నా చదువు, నాన్న మందులు, బడి, అన్నీ దాని నెత్తినే. తనకోసమంటూ అడిగింది ఈ ఒక్కటే. అది కూడా అడగలేదు, నాన్న అల్మరా తీశాడు కాబట్టి చెయ్యి చాచింది.

కర్ర అమరిందో లేదో ఆఖరున చూసే పద్ధతి ఒకటుంది. మూడు ఖాళీలు అయ్యాక కాల్చే మనిషి తుపాకీ ఎత్తి, ఎదురుగా నిలబడ్డ మనిషి కంటికి గురి పెట్టాలి. ఎదుటి మనిషికి పట్టీ మీదుగా కాల్చే మనిషి కంటిపాప కనిపిస్తుంది. అది పట్టీకి సరిగ్గా నడుమ కూర్చుంటే కర్ర కుదిరినట్టే. నాన్నకు దూరపు చూపు ఆనదు కాబట్టి ఎదురుగా నిలబడింది నేను. అక్క ఎత్తింది. పట్టీ మీద అక్క కంటిపాప, పళ్లెంలో పెట్టిన గోళీలా, అటూ ఇటూ కాకుండా నట్టనడుమ ఉంది. అంతకంటే బాగా కుదిరిన తుపాకీని నేను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"కుదిరింది" అన్నాను.

"కుదిరితే ఎందుకు తప్పుతోంది? ఇంకో వెంట్రుకవాసి తీద్దాం" అన్నాడు నాన్న.

ఆ రోజే కంపెనీ నుంచి జవాబు వచ్చింది. పట్టీలో ఏ లోపమూ లేదు, మూడుసార్లు పరీక్షించాం అని. నాన్న దాన్ని చదివి, వాళ్ల తప్పు వాళ్లు ఎందుకొప్పుకుంటారని సొరుగులో పడేశాడు. నేను మళ్లీ తీసి చదివాను. అక్క పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వెళ్లి, ఎడమ కన్ను మూసి మన కొట్టు తలుపు చట్రం చూడమన్నాను. ఎందుకని అడగలేదు. తడి చీర భుజాన వేసుకునే చూసింది.

"అదీ వంకరే" అంది.

తర్వాత మెల్లగా, నాన్నకు ఇప్పుడే చెప్పొద్దు, పోటీ అయ్యాక తనే చూపించుకుంటానంది. సరేనన్నాను. సరేనన్న మాట గంట కూడా నిలవలేదు, నా నోట్లో నువ్వుగింజ నానదని అందరూ అనే మాట నిజం చేస్తూ వెళ్లి నాన్నకు చెప్పేశాను. ఆయన పొడుగాటి ఉక్కు బద్ద తెచ్చి తలుపు చట్రానికి ఆనించాడు. వంగి చూశాడు. నన్ను పిలిచి చూపించాడు. చట్రం నిజంగానే నడుమ వంగి ఉంది. ఎన్ని వానలకు తడిసి ఉబ్బిందో, వేలు పట్టేంత సందు.

నాన్న పగలబడి నవ్వాడు. "చూశావా, తలుపే వంకర. దాని కన్ను లక్షణంగా ఉంది" అన్నాడు. ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను. నాకూ అదే కావాలి కదా. అక్క వచ్చి సంగతి తెలుసుకుని, నేను మాట తప్పినందుకు నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి తనూ నవ్వింది. అంత మనసారా ముగ్గురం కలిసి నవ్వుకోవడం అదే ఆఖరని అప్పుడు తెలియదు. మళ్లీ కర్ర చెక్కే పనిలో పడ్డాం. ఇంకో వారం పోయింది.

నాన్నకు మాత్రం లోపల ఎక్కడో ముల్లు విరిగినట్టుంది. ఒక ఉదయం నేను కొట్టులోకి వెళ్లేసరికి, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండును దారానికి కట్టి, దూలం నుంచి వేలాడదీసి, అది ఊగడం ఆగేదాకా చూస్తూ కూర్చున్నాడు. అక్కను పిలిచాడు. ఎడమ కన్ను మూసుకుని దారాన్ని చూడమన్నాడు.

అక్క చూసింది. దానికి లెక్కలు వచ్చు. బరువు కట్టి వేలాడదీసిన దారం ఎలా ఉండాలో అది పిల్లలకు చెప్తుంది. కావాలంటే అబద్ధమాడగలదు.

"వంకరగా ఉంది నాన్నా."

నాన్న లేచి దారం విప్పి, గుండుకు చుట్టి, సొరుగులో పెట్టాడు. చెప్పులేసుకోమని మా ఇద్దరికీ చెప్పాడు.

కంటి డాక్టరు చిన్న వయసావిడ. గళ్లున్న కాగితం ఒకటి చేతికిచ్చి, ఒక కన్ను మూసి నడిమి చుక్కను చూడమంది. కుడి కంటికి నడిమి గళ్లన్నీ లోపలికి లాక్కుపోయినట్టున్నాయట. దీపాలు వేసి, మందు చుక్కలు పోసి చాలాసేపు చూసింది. కంటి వెనక పొరలో సరిగ్గా నడుమ చిల్లు పడిందని చెప్పింది. వంకరగా కనిపించడం ఎప్పుడు మొదలైందని అడిగింది. అక్క ఆలోచిస్తుండగా నాన్న చెప్పాడు.

"పోయిన నెల తొమ్మిదో తారీఖు. ఉదయం పదకొండింటికి."

ఇంత కచ్చితంగా చెప్పినవాళ్లను తను చూడలేదనీ, మరి అప్పుడే ఎందుకు తీసుకురాలేదనీ ఆవిడ మామూలుగానే అడిగింది. నాన్న తన చేతులకేసి చూసుకున్నాడు. ముప్పై అయిదు రోజులు.

ఆవిడ చెప్పినదాంట్లో మాకు అర్థమైంది ఇంతే. వెంటనే ఆపరేషన్ చేస్తే చూపు కొంత నిలబడొచ్చు. రోజులు గడిచేకొద్దీ ఆ కొంతా తగ్గుతుంది. తుపాకీ అదురు మాత్రం ఆ కంటికి ఇక ఒక్కసారి కూడా తగలకూడదు. చిల్లు సాగితే చేసేదేమీ ఉండదు. ఎల్లుండి మంచం ఖాళీగా ఉంది. పోటీ ఆరు రోజుల్లో.

ఆ మధ్యాహ్నం ఇంట్లో గొడవ జరిగిందని చెప్పలేను, ఎవరూ గొంతు పెంచలేదు. పోటీ అయిన మర్నాడే ఆపరేషన్ చేయించుకుంటానంది అక్క. ఆరు రోజుల్లో ఏం మునిగిపోతుందంది. ఎడమ కన్ను కూడా తెరిచి కాలుస్తానంది. ఇరవై అయిదు బిళ్లలు, ఒక్క ఉదయం, అంతకుమించి తనకేమీ అక్కర్లేదంది. ఏ బిళ్లకు ఎంత ముందు కాల్చాలో తనకు గుడ్డిగా తెలుసంది. ఆ మాట అని తనే ఆగిపోయింది. నాన్న వైపు చూసింది. ఆయన వద్దంటే ఎదురు చెప్పడానికి సిద్ధంగా ఉంది.

"నీ ఇష్టం తల్లీ" అన్నాడు నాన్న.

అక్క కోచ్‌తో మాట్లాడడానికి వెళ్లింది. అది వీధి మలుపు తిరిగాక నాన్న మూడో తుపాకీని కిందికి దించాడు. నూనె కాచమన్నాడు. నాకు అర్థమైంది. కర్రను వంచే పద్ధతి మా పనిలో పాతదే. గొట్టాల నుంచి కర్ర సన్నబడే చోటును మెడ అంటాం. ఆ మెడ మీద ఒకరు కాగిన నూనె గుడ్డతో పోస్తూ ఉండాలి, ఇంకొకరు బిగింపు మరను నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. వేడికి కర్ర లొంగుతుంది, చల్లారాక ఆ వంపునే పట్టుకుని ఉంటుంది. అక్క కుడి భుజానికి తగ్గట్టు కుడికి వాలి ఉన్న కర్రను నాన్న ఎడమకు తిప్పుతున్నాడు. ఒకసారి అలా తిరిగాక కుడి భుజం మీద ఆ తుపాకీ గురి గోడకు పోతుంది. ఒద్దు నాన్నా అని ఒక్క మాట అనగలిగేదాన్ని. కనీసం నూనె చల్లారనిచ్చినా చాలు, కర్ర పగిలేది, ఆయన ఆపేసేవాడు. నేను ఆపకుండా పోస్తూనే ఉన్నాను. మర తిప్పే ఆయన వేళ్లు వణకలేదు. తర్వాత చెంప ఆనే చోటును కూడా రెండో వైపు చెక్కాడు. నేను గరుకు కాగితం పట్టాను, మెరుగు పెట్టాను. రోజూ చేసే పనే అయినా చేతులు ఎవరివో అనిపించింది.

మర్నాడు ఉదయం అక్క మైదానానికి తయారై వచ్చి తుపాకీ తీసింది. అలవాటు చొప్పున గొట్టాలు విరిచింది. ముగ్గురం ఖాళీ అన్నాం. కళ్లు మూసుకుని కుడి భుజానికి ఎత్తింది. చెంప ఆనాల్సిన చోట కర్ర లేదు. కళ్లు తెరిచింది, దించింది. కర్రను వేలితో తడిమింది. మళ్లీ కళ్లు మూసుకుని, ఈసారి ఎడమ భుజానికి ఎత్తి, ఎడమ కన్ను తెరిచింది. ఆ కొసన నిలబడ్డ నాకు కనిపించింది, పట్టీ నడుమ దాని కంటిపాప. ఈ వైపూ నాన్న వెంట్రుకవాసి తప్పలేదు.

తుపాకీని బల్ల మీద పెట్టింది. నాన్న వైపు చూడలేదు.

"నూనె ఎవరు పోశారు?"

ఆ పని ఒక్కరివల్ల కాదని దానికీ తెలుసు.

"నేనే" అన్నాను.

క్లబ్బు తుపాకీ తీసుకుని వెళ్లొచ్చు. మేమెవరం తలుపుకు అడ్డం నిలబడలేదు. కానీ అది లోపలికి వెళ్లి, చేతిసంచిలో రెండు జతల బట్టలు సర్దుకుని వచ్చింది. ఆస్పత్రికి ఎన్నింటికి రమ్మన్నారని నన్ను అడిగింది. మామూలుగానే అడిగింది. ఆ మామూలు గొంతే ఇన్నేళ్లుగా నాతో వాడుతోంది.

ఆ తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. ఆ కంటికి చుట్టూ ఉన్నది కనిపిస్తుంది, నడుమ ఉన్నది కనిపించదు. అక్క బడికి వెళ్తోంది, పాఠాలు చెప్తోంది, వేరే ఊరికి బదిలీ అయింది. ఎడమ భుజానికి కుదిరిన ఆ తుపాకీని ఒక్కసారి కూడా పేల్చలేదు. మొదటి నుంచి నేర్చుకునే ఓపిక లేదందట కోచ్‌తో. నాన్న పోయాక కొట్టు నేనే నడుపుతున్నాను. వచ్చినవాళ్లు గురి కుదరడం లేదంటే ముందు గళ్ల కాగితం చేతికిస్తాను, నవ్వుకుంటారు. ఫోన్ చేస్తే అక్క బాగా మాట్లాడుతుంది, ఆరోగ్యం అడుగుతుంది, జాగ్రత్తలు చెప్తుంది. నాకు కావలసింది అది కాదు. తడి చీర భుజాన వేసుకుని నెత్తిన మొట్టికాయ వేసిన మనిషి నాకు కావాలి. చేసినదానికి తప్పైపోయిందని చెప్పలేను. మళ్లీ అదే మధ్యాహ్నం వస్తే మళ్లీ నూనె పోస్తాను. కానీ ఆ మనిషి కోసం నా ప్రాణం కొట్టుకుంటుంది.

పోటీ రోజు అక్క ఆస్పత్రిలో ఉంది. ఆ ఆపరేషన్ తర్వాత వారం పైగా బోర్లా పడుకునే ఉండాలి, తల ఎత్తకూడదు. మంచానికి తల దగ్గర గుండ్రటి కంత ఉంటుంది, మొహం అందులో పెట్టుకోవాలి. దానికి కనిపించేది కింద గచ్చు ఒక్కటే. అందుకని నేను దిండు వేసుకుని మంచం కింద వెల్లకిలా పడుకునేదాన్ని. అలా అయితేనే ఒకరి మొహం ఒకరికి కనిపించేది. ఆ వారమంతా నాన్న కుర్చీలో కూర్చుని దాని వీపు చూస్తూ గడిపాడు.

ఆ ఉదయం ఆయన ఉన్నట్టుండి అన్నాడు. "ఆ రోజు నువ్వు చెప్పింది కన్ను గురించి తల్లీ. నేను విన్నది తుపాకీ గురించి."

కంతలోంచి అక్క జవాబు చెప్పింది. "నేను చెప్పింది కూడా తుపాకీ గురించే నాన్నా."

నాన్న లేచి బయటికి వెళ్లాడు. టీ తాగి వస్తానన్నాడు కానీ చాలాసేపు రాలేదు.

టైమెంతైందని అక్క అడిగింది. తొమ్మిదీ పది అన్నాను. కిటికీలోంచి గాలి ఎటు వీస్తోందని అడిగింది. లేచి వెళ్లి చూశాను. ఎదురుగా ఉన్న చెట్టు ఆకులు మనవైపే తిరిగి ఉన్నాయని వచ్చి చెప్పాను. అయితే అక్కడ గాలి ఎదురొస్తుంది, బిళ్లలు పైకి లేస్తాయంది. నేను మళ్లీ కింద పడుకున్నాను. కట్టు లేని కన్ను మూసుకుని ఉంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

అప్పుడు చూశాను. మంచం పక్కనుంచి వేలాడుతున్న దాని కుడిచెయ్యి చూపుడు వేలు మెల్లగా ముడుచుకుంది. కాసేపాగి మళ్లీ ముడుచుకుంది. మైదానంలో ఒక బిళ్లకూ ఇంకో బిళ్లకూ మధ్య ఎంత వ్యవధి ఉంటుందో అంతే. నా బొటనవేలు దానంతటదే గచ్చు మీద నొక్కడం మొదలుపెట్టింది. ఒకచోట మాత్రం వేలు వెంటవెంటనే రెండుసార్లు ముడుచుకుంది. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టుకుంటూ పోయాను. ఇరవై అయిదో దాని తర్వాత చెయ్యి వదులుగా వేలాడింది.

"ఎన్ని?" అన్నాను.

అది కన్ను తెరవలేదు.

"ఇరవై నాలుగు. పదకొండోది కుడికి పోయింది. రెండో గుండుకీ అందలేదు" అంది. కన్ను పోతుందన్నా, పోటీ పోయిందన్నా ఏడవని మా అక్క, ఆ ఒక్క బిళ్ల కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. తల కదపకూడదు కాబట్టి కదపకుండానే ఏడ్చింది. కన్నీళ్లు తిన్నగా వచ్చి నా మొహం మీద పడ్డాయి, నేను పక్కకు జరగలేదు.